శుక్రవాహిక ఎందుకంత చుట్టు తిరిగి వెళ్తుంది?

మీరు ఒక్క ప్రశ్నగా రాసినా అందులో మూడున్నాయి. వృషణంలో పుట్టిన శుక్రకణం ఏయే నాళాల గుండా బయటికి వస్తుంది అన్నది మొదటిది. వృషణం, పురుషాంగం పక్కపక్కనే ఉండగా శుక్రకణాలను మోసుకెళ్లే నాళమైన శుక్రవాహిక పొత్తికడుపులోకి ఎక్కి, మూత్రాశయం వెనక్కి పోయి మళ్లీ కిందికి ఎందుకు దిగుతుంది అన్నది రెండోది. మీ బంధువు సెమెన్ (వీర్య పరీక్ష) రిపోర్టులో "శుక్రకణాలు లేవు, ఫ్రక్టోజ్ నెగటివ్" అని రాశారు, దాని అర్థం ఏమిటి, వేసెక్టమీ (మగవారి కుటుంబ నియంత్రణ ఆపరేషన్) చేయించుకున్నవారి రిపోర్టు కూడా ఇలాగే ఉంటుందా అన్నది మూడోది. చాలా ఏళ్లుగా మెడికల్ విద్యార్థులకు అనాటమీ చెబుతున్నాను కాబట్టి ధైర్యంగా ఒక మాట అంటాను: రెండో ప్రశ్నకు జవాబు బోధపడితే మిగతా రెండూ చాలావరకు విడిపోతాయి. అందుకని వరస మార్చి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఈ నాళాలు మొదట్లో వీర్యం కోసం తయారైనవి కావు. అవి మూత్రం మోయడానికి పుట్టినవి.

తల్లి కడుపులో పిండానికి మొదట తాత్కాలిక మూత్రపిండం ఒకటి ఏర్పడుతుంది. దాన్ని మెసోనెఫ్రాస్ అంటారు. వెన్నెముకకు రెండు పక్కలా, పొట్ట వెనక గోడకు ఆనుకుని ఉంటుంది. దాని నుంచి కిందికి దిగే నాళమే వుల్ఫియన్ నాళం. 18వ శతాబ్దపు జర్మన్ శాస్త్రజ్ఞుడు కాస్పర్ ఫ్రెడరిక్ వుల్ఫ్ పేరు మీద ఆ పేరు వచ్చింది. కొన్ని వారాల తర్వాత అసలు మూత్రపిండాలు తయారవుతాయి, ఈ తాత్కాలిక దానితో పని తీరిపోతుంది. ఆడపిండంలో వుల్ఫియన్ నాళం చాలావరకు కరిగిపోతుంది. మగపిండంలో 8వ వారం ప్రాంతానికి వృషణంలోని లేడిగ్ కణాలు టెస్టోస్టిరాన్ విడుదల చేయడం మొదలుపెడతాయి. ఆ హార్మోన్ అందడం వల్ల నాళం బతికి బట్టకడుతుంది. దాని పైభాగం మెలికలు తిరిగి ఎపిడిడిమిస్ అవుతుంది, మధ్యభాగం శుక్రవాహిక అవుతుంది, కిందిభాగం నుంచి శుక్రాశయం మొలుస్తుంది, చివరి ముక్క స్ఖలన నాళం అవుతుంది. తాత్కాలిక మూత్రపిండంలోని సన్నని గొట్టాలు కూడా కొన్ని మిగిలి, వృషణాన్ని ఈ నాళంతో కలుపుతాయి. పాత మూత్ర వ్యవస్థను శరీరం మొత్తంగా పారేయకుండా కొత్త పనికి పెట్టుకుంది.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి, రిపోర్టు సంగతి వచ్చినప్పుడు ఇది పనికొస్తుంది. అసలు మూత్రపిండం నుంచి మూత్రాశయానికి మూత్రం తెచ్చే మూత్రనాళం కూడా ఈ వుల్ఫియన్ నాళం అడుగుభాగం నుంచే చిన్న మొగ్గలా బయలుదేరుతుంది. ఆ మొగ్గ పైకి పెరిగి తాకితే తప్ప అసలు మూత్రపిండం తయారు కాదు. అంటే ఒకవైపు శుక్రవాహికకూ అదేవైపు కిడ్నీకీ పుట్టుకలోనే చుట్టరికం ఉంది.

ఇప్పుడు చుట్టుదారి సంగతి. వృషణం పుట్టేది కూడా పొట్ట లోపలే, వెనక గోడ మీద, మూత్రపిండాలకు దగ్గరలో. శుక్రకణాలు సవ్యంగా తయారు కావాలంటే శరీరపు వేడి కన్నా 2 నుంచి 3 డిగ్రీల సెల్సియస్ తక్కువ ఉండాలి. ఆ చల్లదనం ఉండే వృషణ సంచిలోకి వృషణం దిగాలి. పిండం ఏడో నెల ప్రాంతంలో అది గజ్జల్లోని వంక్షణ నాళం గుండా బయలుదేరి, సాధారణంగా పుట్టేనాటికి సంచిలోకి చేరుతుంది. చేరేటప్పుడు తన రక్తనాళాలనూ నరాలనూ, తన శుక్రవాహికనూ వెంట లాక్కుంటూ వస్తుంది. కానీ శుక్రవాహిక రెండో కొస మూత్రాశయం కింద, మూత్రమార్గం వెనక గోడకు అతుక్కుని ఉంది, అది కదలదు. ఈలోగా మూత్రపిండం పైకి జరుగుతుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి పోవడంతో శుక్రవాహిక మూత్రనాళం మీదుగా అడ్డంగా పడిపోతుంది. పెద్దయ్యాక కూడా అదే భంగిమలో ఉండిపోతుంది. కాబట్టి ఆ చుట్టుదారికి ఇప్పటి అవసరాలేవీ కారణం కావు. వృషణం నడిచి వచ్చిన దారినే నాళం మిగిలిపోయింది, అంతే. వృషణం ఇప్పుడున్న చోటు నుంచి గీత గీస్తే అర్థం కాదు, పుట్టిన చోటు నుంచి గీస్తే అర్థమవుతుంది.

ఇక దారిలో నడుద్దాం.

వృషణం సుమారు 4 నుంచి 5 సెంటీమీటర్ల పొడవుంటుంది. దాన్ని కోసి చూస్తే లోపల పసుపు చాయ ఉన్న మెత్తటి గుజ్జు కనిపిస్తుంది. సన్నటి పట్టకారుతో ఆ గుజ్జును పట్టుకుని మెల్లగా లాగితే పోగులు పోగులుగా సాగుతుంది. అవే శుక్రోత్పాదక నాళికలు. డచ్ వైద్యుడు రెనియే డి గ్రాఫ్ 1668లో పురుష జననాంగాల మీద వెలువరించిన గ్రంథంలో వృషణం గ్రంథి లాంటి ముద్ద కాదనీ, సన్నని గొట్టాల కట్ట అనీ గట్టిగా చెప్పాడు. ఆయన 1673లో చనిపోయాడు. డచ్ పరిశీలకుడు లీవెన్‌హుక్ సూక్ష్మదర్శినిలో శుక్రకణాన్ని చూసింది 1677లో. తాను వర్ణించిన ఆ గొట్టాల్లో ఏం ప్రయాణిస్తుందో చూడకుండానే డి గ్రాఫ్ వెళ్లిపోయాడు. పాఠం చెప్పేటప్పుడు ఈ నాలుగేళ్ల తేడా నన్ను ప్రతిసారీ కలచివేస్తుంది.

ఒక్కో వృషణంలో దాదాపు 250 చిన్న గదులుంటాయి, ఒక్కో గదిలో ఒకటి నుంచి నాలుగు నాళికలు. ఒక్క నాళికను సాగదీస్తే అర మీటరుకు అటూఇటూగా వస్తుంది. దాని రెండు చివరలూ ఒకేవైపుకు తిరిగి, వృషణం వెనక అంచులో ఉన్న రేటే టెస్టిస్ అనే వలలాంటి గదుల్లోకి తెరుచుకుంటాయి. ఒక శుక్రకణం ఇక్కడ తయారు కావడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. తయారై వచ్చినా దానికి అప్పటికి ఈదడం రాదు. తోక ఉంటుంది, ముందుకు పోయే శక్తి ఉండదు. నాళిక గోడలోని సెర్టోలి కణాలు ఊరించే ద్రవంలో కొట్టుకుంటూ వస్తుంది. నాళికల చుట్టూ ఉన్న కండర స్వభావపు కణాలు ముడుచుకుంటూ ఆ ద్రవాన్ని ముందుకు నెడతాయి.

రేటే టెస్టిస్ పైకొస నుంచి 12 నుంచి 20 దాకా సన్నని నాళికలు బయలుదేరి, వృషణపు తెల్లటి దళసరి తొడుగును చీల్చుకుని బయటికి వస్తాయి. వీటికి శుక్రనాళికలని పేరు. ముందు చెప్పిన తాత్కాలిక మూత్రపిండపు గొట్టాలు ఇవే. మూత్రపిండపు అలవాటు వీటికి ఇంకా పోలేదు: వృషణం నుంచి వచ్చిన ద్రవంలో ఎక్కువ భాగాన్ని ఇవి పీల్చేసుకుంటాయి. దాంతో శుక్రకణాలు చిక్కబడి ముందుకు పోతాయి. ఎపిడిడిమిస్ తలభాగంలో కొందరికి నొప్పిలేని నీటిబుడగ కనిపించి భయపెడుతుంటుంది. స్పెర్మటోసీల్ అనే ఆ బుడగ చాలాసార్లు ఈ నాళికల నుంచే వస్తుంది. స్కానింగ్‌లో అదేనని తేలితే సాధారణంగా ప్రమాదం లేదు. చేతికి గడ్డ తగిలితే మాత్రం స్కానింగ్ చేయించుకోకుండా అదేనని ఊహించుకోవద్దు.

ఈ నాళికలన్నీ కలిసేది ఎపిడిడిమిస్‌లో. నా దృష్టిలో మొత్తం దారిలో ఎక్కువ గౌరవం దక్కాల్సింది దీనికే, పుస్తకాల్లో తక్కువ చోటు దక్కేదీ దీనికే. వృషణం వెనక అతుక్కుని, పైన లావుగా, కింద సన్నగా, తడిమితే తెలిసే మెత్తటి మడత అది. తల, నడుము, తోక అని మూడు భాగాలు. బయటికి 6, 7 సెంటీమీటర్లకు మించి కనిపించదు. లోపల ఉన్నది ఒకే ఒక్క నాళం, కొమ్మలేవీ లేవు. ఆ ఒక్కటీ అంత చిన్న చోట మెలికలు తిరిగి ఇరుక్కుంది. పూర్తిగా విప్పితే సుమారు 6 మీటర్లు వస్తుంది. మెలికల మధ్య ఉన్న సన్నని పొరలను సూదితో ఒక్కొక్కటే తెంపుతూ పోతే, ఒక వేలి వెడల్పు ముక్కను విప్పేసరికే గంటలు గడుస్తాయి.

శుక్రకణం ఈ 6 మీటర్లు దాటడానికి కొన్ని రోజులు పడుతుంది. అప్పుడే దానికి ఈత వస్తుంది. నాళం గోడలోని కణాలు రకరకాల ప్రోటీన్లను లోపలికి వదులుతాయి, అవి శుక్రకణం పైపొరను మార్చుతాయి. తలభాగంలో తీసిన కణాలు చాలావరకు ఉన్నచోటే వణుకుతాయి. తోకభాగంలో తీసినవి ముందుకు దూసుకుపోతాయి. తోకభాగమే గోదాము కూడా. స్ఖలనం అయ్యేదాకా శుక్రకణాలు అక్కడే ఉంటాయి. పనికిరాకుండా పోయినవాటిని శరీరం విడగొట్టి పీల్చేసుకుంటుంది. తయారీకి రెండున్నర నెలలు, ఈ ప్రయాణానికి మరికొన్ని రోజులు పడుతుంది కాబట్టే, పెద్ద జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు నెలల దాకా సెమెన్ రిపోర్టు బాగాలేకపోవచ్చు. ఆ సమయంలో చేయించిన ఒక్క పరీక్ష చూసి కంగారు పడకూడదు.

ఎపిడిడిమిస్ తోక దగ్గర నాళం మెలికలు తగ్గి, గోడ దళసరెక్కి, నిటారుగా పైకి తిరుగుతుంది. అక్కడి నుంచి దాని పేరు శుక్రవాహిక. పొడవు పుస్తకాన్ని బట్టి 30 నుంచి 45 సెంటీమీటర్లు. బయటి మందం 2 నుంచి 3 మిల్లీమీటర్లు, లోపలి రంధ్రం మాత్రం అర మిల్లీమీటరు ప్రాంతమే. మిగతాదంతా కండరం: లోపల నిలువు పొర, మధ్యలో గుండ్రటి పొర, బయట మళ్లీ నిలువు పొర. అందుకే వృషణ సంచి పైభాగాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా జార్చితే, చుట్టూ ఉన్న మెత్తటి రక్తనాళాల మధ్య నుంచి ఒక్కటి మాత్రం కరెంటు వైరులా గట్టిగా, గుండ్రంగా తగిలి పక్కకు జారుతుంది. శుక్రవాహిక అదే. ఈ ఒక్క స్పర్శ నేర్చుకున్న డాక్టరుకు సగం రోగనిర్ధారణ చేతిలో ఉన్నట్టే. కత్తీ కుట్లూ లేని వేసెక్టమీ పద్ధతిని 1974లో చైనా సర్జన్ లీ షున్‌చియాంగ్ రూపొందించగలిగింది కూడా, ఈ నాళం చర్మం కిందే అంత స్పష్టంగా చేతికి అందడం వల్లే.

అక్కడి నుంచి దారి ఇలా సాగుతుంది. వృషణ రజ్జువులో, అంటే శుక్రవాహిక, రక్తనాళాలు, నరాలు కలిసి ఉన్న కట్టలో, వెనక భాగాన పైకెక్కి, గజ్జల్లో దాదాపు 4 సెంటీమీటర్ల పొడవున్న వంక్షణ నాళం దాటి, లోపలి ద్వారం దగ్గర రజ్జువులోని మిగతావాటిని వదిలేస్తుంది. వృషణానికి వెళ్లే రక్తనాళాలు పైకి, నడుము వైపు పోతాయి. శుక్రవాహిక ఒక్కటే లోపలికి మళ్లి, కాలికి వెళ్లే పెద్ద రక్తనాళాల మీదుగా కటి కుహరంలోకి, అంటే తుంటి ఎముకల మధ్య ఉన్న చోటులోకి, దిగుతుంది. గిలక (హెర్నియా) ఆపరేషన్ ఈ దారిలోనే జరుగుతుంది. పసివాళ్లలో హెర్నియా సంచిని వేరుచేసేటప్పుడు సన్నటి శుక్రవాహిక దానికి అంటుకుని ఉంటుంది. అప్పుడు అది దెబ్బతింటే పాతికేళ్ల తర్వాత పిల్లలు కలగక పరీక్షలు చేయించుకున్నప్పుడు గానీ బయటపడదు. మీ బంధువుకు చిన్నప్పుడు గజ్జల్లో ఆపరేషన్ ఏదైనా అయిందా అని తప్పకుండా అడగండి.

కటి కుహరంలో అది మూత్రనాళాన్ని పైనుంచి దాటి మూత్రాశయం వెనక్కి చేరుతుంది. అక్కడ కాస్త వెడల్పై గరుకుగా మారుతుంది, దాన్ని యాంపుల్లా అంటారు. దాని బయటివైపున శుక్రాశయం ఉంటుంది. శుక్రకణాలు దాచుకునే సంచి అదేనని చాలామంది అనుకుంటారు, కానీ కాదు. అది ఒక గ్రంథి. 5 సెంటీమీటర్ల పొడవే కనిపించినా విప్పితే 10 సెంటీమీటర్లు దాటే మెలికల గొట్టం. వీర్యం పరిమాణంలో సుమారు మూడింట రెండు వంతులు ఇదే ఇస్తుంది, క్షార స్వభావం ఉన్న ద్రవంగా. శుక్రకణాలకు ఇంధనంగా పనికొచ్చే ఫ్రక్టోజ్ అనే చక్కెర అందులోనే ఉంటుంది.

శుక్రాశయం నాళం, శుక్రవాహిక కొస కలిసి స్ఖలన నాళం అవుతాయి. ఎడమ ఒకటి, కుడి ఒకటి. పొడవు 2 సెంటీమీటర్లే. పోనుపోను సన్నబడుతూ ప్రోస్టేట్ గ్రంథి గుండా వంకరగా దూరి, మూత్రమార్గం వెనక గోడ మీద ఉన్న చిన్న బుడిపెకు రెండు పక్కలా తెరుచుకుంటాయి. పుట్టుకలో వుల్ఫియన్ నాళం ఎక్కడ తెరుచుకుందో దాదాపు ఆ చోటే ఇది. ఇక మిగిలింది మూత్రమార్గం. సుమారు 18 నుంచి 20 సెంటీమీటర్లుండే ఇది మూత్రానికీ వీర్యానికీ ఉమ్మడి దారి.

రెండూ ఎందుకు కలవవని మీకు సందేహం రావచ్చు. స్ఖలనానికి ముందు, మన ప్రమేయం లేకుండా పనిచేసే సింపథెటిక్ నరాలు రెండు పనులు ఒకేసారి చేస్తాయి: శుక్రవాహిక కండరాన్ని ముడిచి కణాలను ముందుకు తోస్తాయి, మూత్రాశయం మెడను బిగిస్తాయి. ఆ తర్వాత పురుషాంగం మొదట్లోని కండరాలు లయగా బిగుసుకుని వీర్యాన్ని బయటికి చిమ్ముతాయి. మధుమేహం వల్ల ఆ నరాలు దెబ్బతిన్నా, ప్రోస్టేట్ కోసం ట్యామ్సులోసిన్ లాంటి మందులు వాడుతున్నా బయటికి వచ్చే వీర్యం బాగా తగ్గిపోవచ్చు, కొందరిలో అది వెనక్కి మూత్రాశయంలోకే పోతుంది. ఈ దారి రెండువైపులా నడుస్తుందని కూడా మరవకూడదు. గనేరియా, క్లమిడియా లాంటి ఇన్ఫెక్షన్లు మూత్రమార్గం నుంచి ఎదురు ప్రయాణం చేసి, ముందుగా ఎపిడిడిమిస్ తోకలో వాపు తెస్తాయి. చికిత్స ఆలస్యమైతే అక్కడ మచ్చకట్టి దారి మూసుకుపోతుంది.

ఇప్పుడు రిపోర్టు. వేసెక్టమీలో కత్తిరించేది వృషణ సంచిలోనే, శుక్రాశయానికి చాలా ముందు. కాబట్టి ఆగేది శుక్రకణాలూ వాటితో వచ్చే కొద్దిపాటి ద్రవమూ మాత్రమే, అది మొత్తంలో 5 శాతం లోపే. శుక్రాశయం, ప్రోస్టేట్ ఎప్పటిలాగే పనిచేస్తాయి. వీర్యం చూపుకు, పరిమాణానికి మామూలుగానే ఉంటుంది, ఫ్రక్టోజ్ కూడా పాజిటివే. కత్తిరించిన చోటు దాటాక ఉన్న నాళంలో కణాలు మిగిలి ఉంటాయి కాబట్టి ఆపరేషన్ అయిన వెంటనే నిశ్చింతగా ఉండకూడదు. దాదాపు మూడు నెలల తర్వాత పరీక్షలో కణాలు లేవని తేలేదాకా వేరే గర్భనిరోధక పద్ధతి వాడాల్సిందే.

మీ బంధువుది దీనికి భిన్నం. శుక్రకణాలు లేవు, ఫ్రక్టోజ్ కూడా లేదు అంటే శుక్రాశయం ద్రవం కూడా రావడం లేదన్నమాట. రిపోర్టులో వీర్యం పరిమాణం, పీహెచ్ (ఆమ్ల, క్షార స్వభావాల కొలత) ఎంతున్నాయో చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ప్రమాణాల్లో పరిమాణానికి కనీస హద్దు 1.4 మిల్లీలీటర్లు. పరిమాణం అంతకంటే బాగా తగ్గి, పీహెచ్ 7.2 కన్నా కిందికి, ఆమ్లం వైపు ఉంటే, వచ్చింది దాదాపుగా ప్రోస్టేట్ ద్రవం ఒక్కటే అని అర్థం. శాంపిల్ ఇచ్చేటప్పుడు మొదటి చుక్కలు పోకుండా మొత్తం పట్టారా లేదా కూడా అడగండి. ఒకసారి రిపోర్టుతో ఆగకుండా కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయించాలి.

రెండోసారీ అదే వస్తే ముఖ్యంగా రెండు అవకాశాలు. స్ఖలన నాళాలు రెండూ మూసుకుపోయి ఉండడం ఒకటి. పుట్టుకతోనే రెండు శుక్రవాహికలూ లేకపోవడం మరొకటి. వుల్ఫియన్ నాళం సరిగా ఎదగకపోతే శుక్రవాహికతో పాటు శుక్రాశయం కూడా లేకపోవచ్చు, లేదా కుదించుకుపోయి ఉండొచ్చు. ఫ్రక్టోజ్ లేకపోవడానికి కారణం అదే. ఈ రెండింటినీ వేరుచేయడానికి మొదట కావాల్సింది ఖరీదైన స్కాన్ కాదు, ఇందాక చెప్పిన ఆ వేళ్ల పరీక్ష. రెండు పక్కలా శుక్రవాహిక గట్టిగా తగిలితే అడ్డు పైనెక్కడో ఉంది, మలద్వారం గుండా చేసే అల్ట్రాసౌండ్‌లో శుక్రాశయాలు ఉబ్బి ఉన్నాయేమో చూస్తారు. రెండు పక్కలా తగలకపోతే నిర్ధారణ దాదాపు అయిపోయినట్టే. అందుకే చేత్తో పరీక్ష చేయకుండా రిపోర్టు మీదే మందులు రాసిస్తే వాటి వెంట నెలలు పోగొట్టుకోవద్దని మీ బంధువుకు చెప్పండి. లేని నాళాన్ని ఏ మాత్రా పుట్టించలేదు.

శుక్రవాహికలు లేవని తేలితే మరో రెండు పరీక్షలు అవసరం. కడుపు స్కాన్ చేసి రెండు కిడ్నీలూ ఉన్నాయో లేదో చూడాలి. మూత్రనాళపు మొగ్గ అదే నాళం నుంచి పుడుతుందని చెప్పాను కదా, కొందరిలో ఒకవైపు కిడ్నీ కూడా ఉండదు, ఆ సంగతి వాళ్లకు అప్పటిదాకా తెలియదు. రెండోది సీఎఫ్‌టీఆర్ జన్యు పరీక్ష. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బుకు కారణమైన జన్యువు ఇది. ఆ జబ్బు ఉన్న మగవారిలో 95 శాతానికి పైగా శుక్రవాహికలు ఉండవు. ఊపిరితిత్తుల ఇబ్బంది ఏమీ లేకుండా శుక్రవాహికలు మాత్రమే లేనివారిలో కూడా ఈ జన్యువులో మార్పులు తరచుగా కనిపిస్తాయి. అందువల్ల చికిత్సకు ముందే భార్యకు కూడా ఈ పరీక్ష చేయించాలి. ఇద్దరిలోనూ మార్పు ఉంటే బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది, జన్యు నిపుణులతో మాట్లాడి ముందుకు వెళ్లాలి.

ఇలాంటివారిలో వృషణం సాధారణంగా చక్కగానే పనిచేస్తుంటుంది, ఎపిడిడిమిస్ తలభాగం కూడా చాలావరకు ఉంటుంది. శుక్రకణాలు తయారవుతున్నాయి, దారి లేదంతే. సన్నటి సూదితో ఎపిడిడిమిస్ నుంచో వృషణం నుంచో కణాలను తీసి, ఇక్సీ పద్ధతిలో ఒక్క కణాన్ని అండంలోకి నేరుగా ప్రవేశపెడతారు. ఈ పద్ధతిలో తొలి బిడ్డ 1992లో పుట్టింది. ఈదడం రాని కణమైనా సజీవంగా ఉంటే దీనికి చాలు. రిపోర్టులో పరిమాణం, పీహెచ్ ఎంత ఉన్నాయో, చేత్తో పరీక్ష చేసినప్పుడు డాక్టరు శుక్రవాహికల గురించి ఏమన్నారో రాస్తే మిగతాది చెబుతాను.